ఒకే పంతులు, అయిదు తరగతులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున బడిని గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోపవచ్చును. గ్రంథాలయమునకు పుస్తకములిచ్చువారు దాతలు. చదువరుల నిచ్చునది మాత్రము బడి. ఆ బడియు పట్టణములందలి మేడబడి కాదు. ఒక గది, ఒక వసారా, ఎదుట ఒక వేపచెట్టు, లోపల ఒక పంతులు, ఆయన యెదుట అయిదు తరగతులు. ఈ గ్రంథాలయము తలుపులు తెరచిన సంవత్సరమున అయిదవయేట పలక పట్టిన పిల్లవానికి నేడు ముప్పదియేండ్లు. వాని బిడ్డ యిపుడు అట్టి వసారాలోనే కూర్చుండి గుణింతములు దిద్దుచుండును. ఒక్క పంతులు అయిదు తరగతుల నెట్లు నడపగలడు, అట్టి చోట చదువు వచ్చునా రాదా, వచ్చినది నిలుచునా నిలువదా యనునదే నేటి విషయము.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. తెలుగు పల్లెలలో బడి మిక్కిలి పాతది. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, ఆ రాజధానిలోని కలెక్టరులందరిని వారి వారి జిల్లాలలో ఎన్ని బడులు కలవో, ఎందరు చదువుచున్నారో, ఏ పుస్తకములు చదువుచున్నారో లెక్క వ్రాసి పంపుడని యాజ్ఞాపించెను. ఆ లెక్కలు చేరి, కూడి, 1826లో మన్రో నివేదికగా వెలువడెను. దాని ననుసరించి 1,28,50,941 మంది జనులకు 12,498 బడులుండెను. అనగా ఇంచుమించు వేయిమందికి ఒక బడి. ఆ బడులన్నిటను చదువువారు 1,88,650 మంది. ఊరూర వీథియరుగులపై సాగు చదువు గనుక వీనికి వీథిబడులని పేరు వచ్చెను.

కలెక్టరులందరును ఒకే శ్రద్ధతో వ్రాయలేదు. కొందరు అంకెలు మాత్రము పంపి చేతులు కడుగుకొనిరి. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ అట్టివాడు కాడు. తెలుగు నేర్చి, 1816లోనే తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించినవాడాయన. నేటి అనంతపురము ప్రాంతము అపుడు బళ్ళారి జిల్లాలోనిదే. 1882లో గాని అనంతపురము వేరు జిల్లా కాలేదు. కావున 1823లో క్యాంబెల్ వ్రాసిన నివేదికయందు రాయలసీమ పల్లెబడి కన్నులకు గట్టినట్లు కానవచ్చును. జిల్లాలో 533 బడులు. అందు కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి మరాఠీ, సంస్కృతము, పారసీకము, అరవము నేర్పునవి. ఇంగ్లీషు బడి ఒక్కటే ఒక్కటి. చదువువారి సంఖ్య 6,641. భాగించి చూచినచో బడికి పన్నెండుగురు, పదుముగ్గురు. నేడు ఇరువదిమంది పిల్లలున్న బడిని చూచి ‘ఇదియు నొక బడియా’ అని పెదవి విరుచువారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొనుట మంచిది. బడి యనగా నాడు పన్నెండుగురే.

ఆ బడి ఉదయము ఆరు గంటలకు తెరచెడివారు. మొదట వచ్చిన పిల్లవాని అరచేతిలో పంతులు సరస్వతి పేరు వ్రాసెడివాడు, అది గౌరవచిహ్నము. రెండవవాని చేతిలో సున్న. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి బెత్తముతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి అధికము. పన్నెండుగురున్న బడిలో చివరివానికి పది దెబ్బలన్నమాట. మరి యందరును తెల్లవారకమునుపే వచ్చి అరుగుపై కూర్చుండిన పంతులు ఏమి చేసెడివాడో క్యాంబెల్ వ్రాయలేదు. ఎందరు తొందరపడినను ఎవడో ఒకడు చివరివాడు కాక తప్పదు గదా! ఆ పిల్లవాని యిల్లు బడికి దూరమై యుండవచ్చును. లేక దూడను కట్టివేసి రావలసినవాడై యుండవచ్చును. గుంజిళ్ళు తీయించుట, చేతులు కట్టి దూలమునుండి వ్రేలాడదీయుట వంటి శిక్షలును ఆ నివేదికలో గలవు. వ్రేలాడదీయు శిక్షకు తెలుగు బడులలో కోదండమని పేరు. కాబట్టి ప్రాచీనమైన ప్రతిదియు పూజ్యమని తలపరాదు.

అయినను అందొక గొప్ప యేర్పాటు కలదు. పిల్లలను సాధారణముగా నాలుగు జట్లుగా విభజించెడివారు. క్రింది జట్లను కొంతవరకు పైజట్టు పిల్లలు చూచెడివారు. పైజట్టును పంతులు స్వయముగా చూచుచు, ఒక కన్ను బడియంతటిపైన నుంచెడివాడు. ఒక జట్టునుండి పైజట్టునకు పోవుటకు ఏటి చివరి పరీక్ష లేదు. ఎవని శక్తి యెంతయో, ఎవని అభివృద్ధి యెంతయో దానినిబట్టి వాడు పైకి పోయెడివాడు. ఈ సంగతిని శ్రోతలు కొంచెము మనస్సున నుంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

ఖర్చు విషయమునను వారు నేర్పరులే. పిల్లవాడు తొలుత నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో దిద్దెడివాడు. పిదప చదునుచేసిన చెక్కపలకకు అన్నపు గంజియు బొగ్గుపొడియు పూసి దానిపై వ్రాసెడివాడు. గుడ్డకు గంజి పెట్టి, మడతలు వేసి, బొగ్గు, బంక కలిపి పూసిన కడితమును పుస్తకమువలె వాడెడివారు. బలపముతో వ్రాయుట, తడిగుడ్డతో తుడుచుట, మరల వ్రాయుట. చేయి తిరిగిన తరువాత తాటియాకు, గంటము. నిన్న మొన్నటి తరమువారు దొండాకు పసరు, బొగ్గుపొడి రాచి పలకను నల్లచేసినది ఆ విద్యయొక్క శేషమే.

పిల్లలచే పిల్లలకు నేర్పించు ఈ పద్ధతి సముద్రము దాటెను. ఆండ్రూ బెల్ అను క్రైస్తవ మతాచార్యుడు మద్రాసునందలి అనాథ బాలుర శరణాలయమునకు అధికారిగా నుండెను. బడిపిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుచుండగా ఆయన చూచెను. శరణాలయమున ఉపాధ్యాయులు దానికి సమ్మతింపకుండగా, పెద్ద పిల్లలచే చిన్నవారికి అట్లే నేర్పించెను. 1797లో ఆ ప్రయోగమును లండనులో పుస్తకముగా ప్రకటించెను. ఇంగ్లండులోని బీదపిల్లల బడులలో ఇది మద్రాసు పద్ధతి యను పేర వ్యాపించెను. ఈ దేశపు పద్ధతి ఇంగ్లండులో అనుకరింపబడుటకు తగినదే యని క్యాంబెలును వ్రాసెను.

ఇక లోపములు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది. జిల్లా జనసంఖ్య 9,27,857. సుమారు నూటనలువదిమందిలో ఒక్కరే బడి చూచిరి. తక్కినవారు ఎవరు? ఆడపిల్లలు, కూలివారి పిల్లలు, ఊరికి వెలుపల నుంచబడినవారి పిల్లలు. వీథి యరుగుపై జరుగు బడిలోనికి ఆ వీథిలో నడువనీయనివారి బిడ్డ యెట్లు రాగలడు? వీథిబడిని గూర్చి ముచ్చటగా చెప్పుకొను వృద్ధులు ఈ మాట సాధారణముగా విడిచిపెట్టుచుందురు. దసరానాడు రంగుకాగితముల విల్లంబులు పట్టి పంతులువెంట ఇల్లిల్లు తిరిగి పద్యములు పాడి, పప్పుబెల్లములు పుచ్చుకొనుట, పంతులుగారికి సంభావన దొరకుట, ఇవి అందమైన జ్ఞాపకములే. ఆ విల్లంబు పట్టని పిల్లల జ్ఞాపకములు వేరు.

రెండవ లోపమును క్యాంబెల్ గట్టిగా చెప్పెను. పిల్లలు పద్యములు కంఠస్థము చేయుదురు, అప్పగింతురు, వాని భావమెరుగరు. చదివెడి భాష ఒకటి, ఇంట మాటలాడు భాష మరియొకటి. పంతులునకే అర్థము తెలియని చోట్లును కలవట. దాదాపు ఎనుబదియేండ్లకు పిదప ఉత్తర జిల్లాల పాఠశాలల ఇన్స్పెక్టరు జె. ఏ. యేట్సు అదే కొరతను చూచి తెలుగు పండితులను ప్రశ్నించెను. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారికభాషా వాదమునకు అది ప్రేరణమయ్యెను. గిడుగువారు అంతకుమునుపే పర్లాకిమిడి చెంత కొండలలోని సవరల భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, తమ ధనముతో బడులు పెట్టించి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించిరి. పండితులతో వాదించిన గిడుగువారిని లోకమెరుగును. కొండపల్లెలలో చిన్నబడులు నడిపిన గిడుగువారిని ఎరిగినవారు తక్కువ.

క్యాంబెల్ నాటికే బడులు క్షీణించుచుండెను. మునుపు బడులున్న అనేక గ్రామములలో తన కాలమునకు లేవనియు, ఉన్నచోట్లను పిల్లల సంఖ్య తగ్గినదనియు, దేశము క్రమముగా బీదయగుటయే ఇందులకు కారణమనియు ఆయన వ్రాసెను. సీమ వస్త్రములు వచ్చి నేతగాండ్ర జీవనము దెబ్బతినెను. తినుటకే చాలనివాడు పంతులునకేమి యిచ్చును?

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రభుత్వపు గ్రాంటులు వచ్చెను. వానితోపాటు తరగతులు, సాంవత్సరిక పరీక్షలు, ఇన్స్పెక్టరుగారి తనిఖీలు వచ్చెను. మేలు లేకపోలేదు. అచ్చుపుస్తకము వచ్చినది, లెక్కలకు క్రమము వచ్చినది, తరువాతి కాలమున బాలికలకును అంతవరకు వెలుపలనున్న కులములవారికిని బడిలో చోటు అడుగు హక్కు వచ్చినది. కాని ఒకటి పోయినది. శక్తినిబట్టి పైజట్టునకు పోవు పిల్లవాడు ఇపుడు సంవత్సరమునుబట్టి పైతరగతికి పోవలసినవాడయ్యెను. కోతలకాలమున రెండునెలలు మానినవాడు పరీక్షలో తప్పును. తప్పినవాడు మరల మొదటి పుటనుండి ఆరంభించును. రెండుసార్లు తప్పినవాడు గొడ్లవెంట పోవును. 1929లో సర్ ఫిలిప్ హార్టాగ్ అధ్యక్షతను వెలువడిన నివేదిక దీనికి అంకెలు చూపెను. బ్రిటిషిండియాలో 1922-23లో ఒకటవ తరగతిలో నూర్గురుండిరనుకొన్నచో, 1925-26 నాటికి నాలుగవ తరగతిలో మిగిలినవారు 18 మంది. తక్కిన 82 మందికై పెట్టిన పలకలు, పంతులు గొంతు, తల్లి చేసిన చద్దిమూట ఏమైనవి?

హైదరాబాదు సంస్థానపు పల్లెలలో కష్టము మరియొక విధముగా నుండెను. సర్కారీ బడులలో ఉర్దూ ప్రాధాన్యము. తెలుగుబిడ్డకు చదువు పరభాషలో మొదలగును. గ్రామస్థులు తమంతట తాము పెట్టుకొను ఖాన్గీ బడికి సర్కారు అనుమతి కావలెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జరిగిన మొదటి ఆంధ్ర మహాసభ మొదలుకొని ఆ సభలవారు మాతృభాషలో విద్యకై, ఖాన్గీ బడుల నిర్బంధముల తొలగింపుకై తీర్మానములు చేయుచు వచ్చిరి. తెలంగాణములో ఊరి గ్రంథాలయోద్యమమును, తెలుగు బడికై జరిగిన యుద్యమమును కవలపిల్లలవలె పెరిగినవి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఊరూర బడులు లేచెను. మునుపు వీథిబడి యెరుగని చిన్నపల్లెలకు, తండాలకు, గూడెములకు బడి వచ్చినది. 1959లో షాద్‌నగరులో నెహ్రూగారు ఆంధ్రప్రదేశమున పంచాయతీరాజ్యమును ప్రారంభించిన తరువాత ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల పాలనలోనికి వచ్చెను. వీనిలో పెక్కు ఏకోపాధ్యాయ పాఠశాలలు. ఆ బడిలో ఒక దినము ఎట్లు గడచునో చూడవలెను.

వేపకొమ్మకు వ్రేలాడదీసిన రైలుపట్టా ముక్కను ఒక పెద్దపిల్లవాడు రాతితో మ్రోగించును. ప్రార్థన యగును. పంతులు హాజరుపట్టీ తీయును. చదువునకు మిగులునది అయిదు గంటలనుకొందము. అనగా మూడువందల నిమిషములు. తరగతులు అయిదు, తరగతికి అరువది నిమిషములు. అందు తెలుగు, లెక్కలు, పరిసరముల పాఠము. ఒక్కొక్క దానికి ఇరువది నిమిషములు. మండలముల నుండి వచ్చు కాగితములు, లెక్కల పట్టికలు, జనాభా, ఎన్నికల పనులు ఈ ఇరువదిలోనే కోత పెట్టును. పంతులు మూడవ తరగతికి భాగహారము చెప్పుచుండగా ఒకటవ తరగతివాడు పలకపై ‘అ’ను ముప్పదిమారులు దిద్ది, ముప్పదియొకటవమారు దానికి కాళ్ళు చేతులు పెట్టి బొమ్మ చేయును. రెండవ తరగతి ఎక్కములు బిగ్గరగా వల్లించును. వారి గొంతు తగ్గినంతనే పంతులు తల తిప్పును గనుక అర్థము లేకున్నను గొంతు మాత్రము తగ్గదు. అయిదవ తరగతి బాలిక ఒకతె తన లెక్క ముగించి, చంకనున్న తమ్ముని క్రిందికి దింపి, ఒకటవ తరగతి పిల్లల పలకలు దిద్దుచుండును. ఆ బాలిక ఆ బడికి రెండవ పంతులు. జీతపుపట్టీలో ఆమె పేరు లేదు.

ఆమె నేర్పుటలో తాను నష్టపడుచున్నదా? కొందరు తల్లిదండ్రులకు ఈ భయము కలదు. అది పూర్తిగా అకారణమును కాదు. రోజంతయు పలకలు దిద్దుచు తన పాఠము పోగొట్టుకొనిన యెడల అది వెట్టిచాకిరియే. కాని కొలదిసేపు, తనకు వచ్చిన దానిని చిన్నవానికి చెప్పునపుడు, తనకు వచ్చినదో రాలేదో ఆమెకే తెలియును. అరటిపండ్ల లెక్కను ముమ్మారు చెప్పినను తెలియని పిల్లవానికి నాలుగవమారు చింతగింజలతో చేసి చూపిన యాలోచన శిక్షణ కళాశాలలో నేర్చినది కాదు.

ఇట్టి బడియందలి అసలు దుర్బలత వేరొకటి. పంతులునకు జ్వరము వచ్చినచో బడికి జ్వరము. పంతులు బదిలీయైనచో క్రొత్తవారు వచ్చువరకు తాళము. 1987లో కేంద్రప్రభుత్వము ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అను పథకము నారంభించి, ప్రతి ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, వారిలో వీలైనంతవరకు ఒకరు స్త్రీ, కొన్ని పరికరములు ఉండవలెనని సంకల్పించెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము అరువదిమంది లోపు పిల్లలున్న బడికిని ఇద్దరు ఉపాధ్యాయు లుండవలెనని శాసించినది. చట్టము పుస్తకమున నున్నది. ఒకే పంతులున్న బడులును ఇంకను ఉన్నవి.

ఈ ఒంటరి బడి బాగుపడగలదని చూపిన ప్రయత్నమొకటి తెలుగుసీమలోనే జరిగినది. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ యను విద్యాసంస్థ కలదు. జిడ్డు కృష్ణమూర్తిగారి ప్రేరణచే వెలసినది. 1980వ దశకమున పద్మనాభరావు, రమ అను దంపతులు అచటికి వచ్చి, చుట్టుపట్ల చిన్నపల్లెలలో ఒకే గురువుతో నడచు బడులను నెలకొల్పు పనికి పూనుకొనిరి. కరవుసీమ యది. పిల్లలు వేరుసెనగ కోతకు పోవుదురు, మేకలవెంట పోవుదురు. సంవత్సరమున రెండువందల దినములు క్రమముగా వచ్చు పిల్లవానికై వ్రాసిన పాఠ్యపుస్తకము అట్టివారికి పనికిరాలేదు.

వారు పుస్తకమును విప్పి చిన్నచిన్న అట్టముక్కలుగా చేసిరి. ఒక్కొక్క అట్టపై ఒక్కొక్క పని. దానికి గుర్తుగా ఏదో యొక బొమ్మ. ఏ అట్ట తరువాత ఏది చేయవలెనో గోడపై నిచ్చెనవలె చూపిన పటమొకటి కట్టిరి. పిల్లవాడు వచ్చి, నిచ్చెనపై తానెచట నున్నాడో చూచుకొని, తన అట్టను తానే తీసికొనును. కొందరు గురువు ప్రక్కన కూర్చుందురు. కొందరు తోటిపిల్లల సాయముతో చేయుదురు. కొందరు తమంతట తామే చేయుదురు. పని మారినకొలది చాప మారును. రెండునెలలు కోతకు పోయి వచ్చినవాడు తాను విడిచిన మెట్టునుండి ఎక్కును. మొదటి పుటకు పోనక్కరలేదు. తప్పుట యను మాటయే లేదు. సామగ్రి యంతయు ఒక పెట్టెలో పట్టును గనుక ‘పెట్టెలో బడి’ యని దానికి పేరు వచ్చెను. ఊరి తల్లులు చెప్పిన కథలను పిల్లల పఠనమునకు చేర్చిరి. తూనికలు, కొలతలు నేర్చిన పిల్లలచే ఊరిలో మెట్రిక్ మేళాలు జరిపించిరి; బాలిక తక్కెడ పట్టుకొని తన తండ్రికి కూరగాయలు తూచి యిచ్చి చిల్లర లెక్కించును. తండ్రికి ఆ దినమున బడియనిన నేమో బోధపడును.

ఈ పద్ధతి అచటనే ఆగలేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవన కోటలో ‘నలి కలి’ యను పేర కన్నడ బడులలో మొదలయ్యెను. 2003 తరువాత మద్రాసు నగరపాలక సంస్థ బడులలో ప్రవేశించి తమిళనాట వ్యాపించెను. ఇపుడు శ్రోతలు క్యాంబెల్ మాటను జ్ఞాపకము చేసికొనవలెను. శక్తినిబట్టి, అభివృద్ధినిబట్టి పైమెట్టునకు పోవుట. పెద్దవారు చిన్నవారిని చూచుట. గురువు ఒక కన్ను అందరిపై నుంచుట. ఆనాడు బెత్తముతో, అరువదిమంది బాలికలతో నడచినది, ఈనాడు బెత్తము లేక, బాలురతో సమానముగా బాలికలతో నడచుచున్నది. భేదము అల్పమైనది కాదు.

ఇతరములైన మార్పులును చెప్పవలెను. 1975లో అంగన్‌వాడీలు వచ్చినపిదప చంకనుండి తమ్ముడు దిగెను. 2003లో రాష్ట్రమున బడులలో మధ్యాహ్న భోజనము మొదలైన తరువాత కూలికి పోవు తల్లికి ఒక పూట దిగులు తీరెను. పదునొకండు గంటలకే గోడవైపు చూచుచు ఆకలిచే అక్షరములు తారుమారు చేసిన పిల్లలను ఎరిగిన పాతపంతుళ్ళు ఈ మార్పును అన్నిటికంటె పెద్దదిగా చెప్పుదురు. వారి మాట నిజము.

కాని చిన్నబడికి క్రొత్తయాపదలు వచ్చినవి. పిల్లలు తక్కువయగుచున్నారు. పుట్టువారు తక్కువ, ఉన్నవారిని పసుపుపచ్చని బస్సు పట్టణమునకు తీసికొనిపోవును. పిల్లలు తగ్గినచో బడిని మరియొక బడిలో కలుపుదురు. 2022లో ఆంధ్రప్రదేశమున మూడు, నాలుగు, అయిదు తరగతులను పెక్కుచోట్ల సమీపమందలి ఉన్నత పాఠశాలలకు తరలించిరి. 2025లో ఆ యుత్తర్వును మార్చిరి. పెద్దబడిలో విషయమున కొక ఉపాధ్యాయుడుండును, ఆ వాదము త్రోసివేయదగినది కాదు. అయితే ఎనిమిదేండ్ల బాలిక రహదారి దాటి, చెరువుగట్టు నడచి పోవలసివచ్చినపుడు ఆమెను బడికి పంపుటయా మానుటయా యని నిర్ణయించువాడు విద్యాశాఖాధికారి కాడు. వాన వచ్చు ప్రొద్దున వాకిట నిలిచిన తండ్రి.

చివరకు గ్రంథాలయము మాట. హార్టాగ్ నివేదికలో మరియొక సంగతి కలదు. నాలుగేండ్లు చదివి బయటికి వచ్చినవారిలోను అనేకులు కొలదికాలమునకు అక్షరములు మరచి నిరక్షరులగుచున్నారు. పల్లెలో వారికి చదువుటకు ఏమియు దొరకకపోవుటయే అందులకు కారణములలో ఒకటి. బడి యిచ్చిన అక్షరము ఎండకు పెట్టిన మడివంటిది. తడి లేనిచో బీట వారును. 1832లో పుదూరి సీతారామశాస్త్రిగారి బాలశిక్ష వెలువడినది మొదలుకొని పెద్దబాలశిక్షగా పెరిగి తరతరములకు నిలుచుటకు కారణము, ఎందరో యిండ్లలో అదియొక్కటే పుస్తకమై యుండుట. నేడు ప్రతియింట చరవాణి యున్నది గాని అందు బిడ్డ చూచునది బొమ్మలు, చదువునది స్వల్పము. 2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు రెండవ తరగతి పిల్లలు కొందరు ఒత్తులు, గుణింతములు మరచి వచ్చిరని పల్లె ఉపాధ్యాయులు చెప్పుట అందరును వినియున్నదే.

ఈ గ్రంథాలయపు బీరువాలు మంచివి. కాని పిల్లల పుస్తకములు పై అరలో నున్నవి. క్రింది అరలో పాత సంచికల కట్టలు, వార్షిక నివేదికలు గలవు. వీనిని తారుమారు చేయుటకు తీర్మానమక్కరలేదు. ఒక సాయంకాలము చాలును. పుస్తకము చినుగునను భయమును మానవలెను. చినిగిన పుస్తకము చదువబడిన పుస్తకము, అంటించుటకు మైదాపిండి జిగురున్నది. మరియొకటి. గ్రంథాలయము అయిదున్నరకు తెరతురు. బడి నాలుగు గంటలకు విడుతురు. ఆ గంటన్నరలో మగపిల్లలు గోళీలాడుకొని మరల రాగలరు. ఆడపిల్లలు ఇంటికి పోయి బిందె చేతబట్టినచో ఆ దినమున మరల రాలేరు. దీపము పెట్టువేళకు వారిని వీథిలోనికి పంపు తల్లియు లేదు. పాఠకుల పట్టీలో బాలికల సంతకములు ఎందుకు తక్కువగా నున్నవని కార్యదర్శిగారు తమ నివేదికలో అడిగిరి. బడిగంట మ్రోగు వేళకే ఈ తలుపు తెరచి యుంచినయెడల, ఇంటికి పోవు త్రోవలోనే గ్రంథాలయమున్నది గనుక, వారు పలకసంచితోనే లోనికి వత్తురు.